కాకరకాయ వేపుడు ముద్దయిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

కొత్తకాపురం (శనివారం, ఉదయం 10:40)
అందరికీ నమస్కారం. మూడుసార్లు చేసి మూడుసార్లూ చెడగొట్టాక రాస్తున్నాను. మా అమ్మ చేసే కాకరకాయ వేపుడు గరిటెతో తీస్తుంటే గలగలమంటుంది. నాది గరిటెకి అతుక్కుంటుంది. రంగు కూడా ఎరుపు రాదు, ఉడికిన ఆకుకూర రంగులో ఉంటుంది. చేదు చూస్తే చేదు, కారం చూస్తే కారం, రెండూ కలవవు. ఉప్పు రాసి పిండుతున్నాను. అరకిలోకి నాలుగు గరిటెల నూనె పోస్తున్నాను. ఇంకేం చేయాలి?
అమ్మని అడిగితే "వేగేదాకా వేయించు" అంటుంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాదు. రేపు మామగారు ఊరి నుంచి వస్తున్నారు, ఆయనకి కాకరకాయ అంటే ప్రాణమట. టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు (శనివారం, ఉదయం 10:58)
అమ్మాయీ, కంగారు పడకు. మా వైపు పద్ధతి చెప్తాను. కాయల మీద బొడిపెలు చాకుతో లైట్‌గా గీరి, చక్రాలుగా తరిగి, పుల్లటి మజ్జిగలో కాస్త పసుపు, ఉప్పు వేసి ఉడికించు. మజ్జిగ అంతా ఇగిరిపోయి ముక్క పొడిబారాక నూనెలో వేయించు. పులుపు ముక్క లోపలికి పట్టి చేదు సగం చచ్చిపోతుంది. మజ్జిగ లేకపోతే పలచటి చింతపండు రసం. చివర్లో బెల్లం తురుము ఒక చెంచా. పిల్లలు కూడా తింటారు.

ఓరుగల్లు_పిల్ల (శనివారం, ఉదయం 11:15)
పిన్నిగారూ, మజ్జిగలో ఉడికిస్తే అది వేపుడెట్లయితది, కూరయితది కదా! మా ఇంట్లో పిండుడు లేదు, ఉడికించుడు లేదు. కాయలు కడిగి, తుడిచి, సన్నగా కోసి డైరెక్ట్‌గా నూనెలో వేస్తం. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, పల్లీల పొడి. చేదు ఉంటది. ఉండాలె కూడా. చేదు వద్దనుకుంటే బీరకాయ వండుకోవచ్చు కదా.

సీమమిరప (శనివారం, ఉదయం 11:21)
ఓరుగల్లు చెల్లెలి మాటకే నా ఓటు. కాకరకాయలో బెల్లం వేసేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది. మా అనంతపురంలో ఎర్రగడ్డలు, ఎండుమిరపకాయలు, బుడ్డల పొడి, అంతే.
(ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలు, బుడ్డలంటే వేరుశనగలు. పోయినసారి చర్చలో నలుగురు అడిగారు, ముందే చెప్పేస్తున్నా.)

గోదారిగట్టు (శనివారం, ఉదయం 11:30)
నాయనా, నీ కడుపు మంటకి కారణం బెల్లం కాదు, ఆ మిరపకాయలు.

రోలు_రోకలి (శనివారం, ఉదయం 11:52)
కొత్తకాపురం గారూ, మజ్జిగా బెల్లమా అన్నది తర్వాత చూద్దాం. నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పండి.
ఏ గిన్నెలో వేయిస్తున్నారు, దాని వెడల్పెంత?
మూత పెడుతున్నారా?
ఉల్లిపాయలు ఎప్పుడు వేస్తున్నారు?
పిండిన ముక్కలు నేరుగా నూనెలోకి వెళ్తున్నాయా, మధ్యలో ఆరుతున్నాయా?

కొత్తకాపురం (శనివారం, మధ్యాహ్నం 12:10)
చిన్న నాన్‌స్టిక్ బాండీ అండీ, పెళ్ళిలో వచ్చింది. ఇద్దరమే కదా అని అదే వాడుతున్నాను, అరకిలో వేస్తే అంచుదాకా వస్తుంది. మూత పెడతాను, లేకపోతే లోపల ఉడకదేమో అని భయం. మంట సిమ్‌లో, మాడుతుందని. ఉల్లిపాయ ముక్కలు పోపులోనే వేసి, అవి మెత్తబడ్డాక కాకరకాయ. పిండగానే వేసేస్తాను.
ఇదంతా టైప్ చేస్తుంటే నాకే అనుమానం వస్తోంది.

రోలు_రోకలి (శనివారం, మధ్యాహ్నం 12:31)
అనుమానం అక్కర్లేదు, మీరు ఆవిరి మీద కూర వండుతున్నారు. అమ్మగారి మాట నిజమే, "వేగేదాకా వేయించు". మీ బాండీలో వేగడమనేదే మొదలవ్వట్లేదు.
ముక్కలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే కిందవాటి ఆవిరి పైవాటికి తగులుతుంది. మూత పెడితే ఆ ఆవిరే నీళ్ళై మళ్ళీ బాండీలో పడుతుంది. దానికి తోడు ఉల్లిపాయ నీళ్ళు. ఇంత తడిలో నూనె ఎన్ని గరిటెలు పోసినా లాభం లేదు, ముక్క పీల్చుకుని ఇంకా జిడ్డవుతుంది.
ఇంట్లో వెడల్పాటి ఇనప మూకుడు ఉందా? లేకపోతే దోసె పెనమైనా సరే. ఉన్నదాన్ని బట్టి రెండు వాయిలుగా వేయించండి.

లెక్కలమాస్టారు (శనివారం, మధ్యాహ్నం 1:05)
రోలు_రోకలి గారి మాటకి అంకెలు నేను కలుపుతాను. కాకరకాయలో దాదాపు 94 శాతం నీళ్ళే. అంటే అరకిలో కాయల్లో సుమారు 470 గ్రాముల నీళ్ళు, రెండు పెద్ద గ్లాసులు! పైపైన తడి ఉన్నంతసేపూ ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎరుపు రంగు, కమ్మటి వాసన రావాలంటే పైభాగం 140 డిగ్రీలు దాటాలి. కాబట్టి ముందు నీళ్ళు బయటికి పోయే దారి చూడాలి. ఉప్పు రాయడం, పిండడం, ఆరబెట్టడం, మూత తీయడం, వెడల్పు గిన్నె, అన్నీ ఆ దారులే.
చేదు సంగతి. అది ట్రైటెర్పెనాయిడ్లు అనే పదార్థాల వల్ల వస్తుంది, మోమోర్డికోసైడ్లు ఆ కుటుంబానివే. పిండితే కొంత పోతుంది, అంతా పోదు. అయితే ఉప్పుకి ఇంకో గుణం ఉంది, నాలుకకి చేదు తెలియడాన్నే తగ్గిస్తుంది. పిండకుండా వేయించినా సరిపడా ఉప్పు పడితే చేదు పదును తగ్గేది అందుకే.
పిండిన నీళ్ళతో విటమిన్ సి కూడా కొంత పోతుంది. పచ్చి కాకరకాయలో అది 100 గ్రాములకి 80 మిల్లీగ్రాములకి పైనే. ఎవరికి ఏది ముఖ్యమో వాళ్ళిష్టం.

హాస్టల్_బ్రదర్ (శనివారం, మధ్యాహ్నం 1:12)
చదవక ముందు కాకరకాయ, చదివాక కీకరకాయ అంటే ఇదే. మాస్టారూ, ఇకమీదట మా మెస్‌లో కూరని "100 డిగ్రీల దగ్గర ఆగిపోయిన ముక్క" అనే పిలుస్తాం.

ఓరుగల్లు_పిల్ల (శనివారం, మధ్యాహ్నం 1:20)
మాస్టారు గారూ థాంక్స్. అంటే పిండకపోయినా నేరం కాదన్నట్టే కదా! మేం ముక్కలు సన్నగా కోస్తం, వెడల్పు మూకుట్లో వేస్తం, కాబట్టి పిండకపోయినా కరకరలాడుతయి. ఇన్ని రోజులు ఎందుకో తెలియకుండనే చేస్తున్నం.

మునగచెట్టు (శనివారం, మధ్యాహ్నం 2:03)
మధ్యలో వస్తున్నందుకు సారీ. మా నాన్నగారికి షుగర్. రోజూ ఈ వేపుడు పెడితే మాత్రలు తగ్గించుకోవచ్చా? ఎవరో పొద్దున్నే కాకర రసం కూడా తాగమన్నారు.

లెక్కలమాస్టారు (శనివారం, మధ్యాహ్నం 2:25)
మాత్రలు మీ అంతట మీరు తగ్గించకండి. కాకరకాయకి రక్తంలో చక్కెరని కొంత తగ్గించే గుణం ఉందంటారు, కానీ అది మాత్రకి బదులు కాదు. మాత్రలు వేసుకుంటూ పరగడుపున రసం కూడా తాగితే చక్కెర మరీ పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. కూరగా తినడానికి భయం లేదు. గోదారిగట్టు గారి బెల్లం మాత్రం నాన్నగారి వాటాలో వేయకండి.
సందర్భం వచ్చింది కాబట్టి ఇంకొకటి. కాకరకాయ చేదు దాని స్వభావం. అదే కుటుంబానికి చెందిన సొరకాయ గానీ దోసకాయ గానీ చేదుగా తగిలితే పారేయండి. అందులో పుట్టే కుకుర్బిటసిన్లు కడుపుని అల్లకల్లోలం చేస్తాయి. "చేదు మంచిదేగా" అని సొరకాయ రసం తాగేసి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు.

గోదారిగట్టు (శనివారం, మధ్యాహ్నం 2:40)
నా బెల్లం మీద పడ్డారేమిటి అందరూ! ఒక చెంచా తురుము, అది కూడా దించాక. ముందే వేస్తే పాకమై ముక్కలు అతుక్కుంటాయి, మాడితే దాని చేదు వేరే.

కొత్తకాపురం (శనివారం, మధ్యాహ్నం 3:15)
అత్తగారి పాత సామాన్ల పెట్టెలో ఇనప మూకుడు దొరికింది! తుప్పు పట్టి ఉంది. తోమి, నూనె రాసి పొయ్యి మీద కాల్చాను. రోలు_రోకలి గారూ, దయచేసి మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. కారప్పొడి కూడా. నేను అక్షరం పొల్లుపోకుండా చేస్తాను.

రోలు_రోకలి (శనివారం, సాయంత్రం 4:30)
సరే. అక్షరం పొల్లుపోవచ్చు, నీళ్ళు మాత్రం ఉండకూడదు.
కాయలు ముదురు ఆకుపచ్చవి, గట్టివి ఎంచుకోండి. నొక్కితే మెత్తగా ఉన్నవి, ఎక్కడో ఒకచోట పసుపు తిరిగినవి వద్దు. చెక్కు తీయకండి. బొడిపెల కొసలు గీరితే చాలు, అంతా తీసేస్తే ముక్కకి పట్టు ఉండదు. రెండు రూపాయి బిళ్ళలు కలిపి పెట్టినంత మందాన చక్రాలు తరగండి. లేత గింజలు ఉంచండి, వేగితే పల్లీల్లా నలుగుతాయి. గోరు దిగని గింజలు తీసేయండి, వాటితో పాటు తెల్లటి దూది కూడా.
అరకిలోకి చిన్న చెంచా ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి అరగంట వదిలేయండి. తర్వాత గుప్పిట్లో పిండండి. ముక్క నలిగిపోయేలా కాదు, తడిగుడ్డ పిండినట్టు కాదు, నిమ్మచెక్క పిండినట్టు. పిండాక పాత నూలుపంచె మీద పరిచి ఫ్యాన్ కింద పదిహేను నిమిషాలు. ఈ పదిహేను నిమిషాలు చాలామంది ఎగ్గొడతారు, అక్కడే సగం పని ఉంది.
మూకుడు బాగా కాలాక నూనె, నూనె కాగాక ముక్కలు. ఒక ముక్క వేసి చూడండి, చుర్రుమనాలి. గరిటె పక్కన పెట్టండి. నాలుగు నిమిషాలు ముట్టుకోకండి! ఊరికే కెలికితే రంగు రాదు, ముక్కలు చిదురవుతాయి. తర్వాత అట్లకాడతో కింది నుంచి ఒక్కసారి తిరగేయండి. మధ్యస్థం మంట, మూత లేదు. పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో చప్పుడు వినండి. మొదట చురచురమని గట్టిగా వస్తుంది, అది నీళ్ళు పోతున్న శబ్దం. అది సన్నబడి, గరిటె తగిలితే ముక్కలు గలగలమన్నాక దించేయొచ్చు. మీ అమ్మగారి "వేగేదాకా" అంటే అదే.
ముక్కలు తీసేసి అదే నూనెలో ఉల్లిపాయలు, రెబ్బ కరివేపాకు విడిగా వేయించి తర్వాత కలపండి.
కారప్పొడికి: ఎండుమిర్చి పది, పచ్చి సెనగపప్పు రెండు చెంచాలు, మినపప్పు ఒక చెంచా, ధనియాలు ఒక చెంచా, జీలకర్ర అర చెంచా. నూనె చుక్కతో దోరగా వేయించి చల్లారనివ్వాలి. చల్లారాక ఉసిరికాయలో సగమంత చింతపండు (గింజ, పీచు లేకుండా), వెల్లుల్లి ఆరు రెబ్బలు పొట్టుతోనే వేసి బరకగా కొట్టుకోవాలి. ఉప్పు చూసుకోండి, ముక్కల్లో ఇప్పటికే ఉంది. అందరూ ఉప్పగా చేసేది ఇక్కడే. పొడి సగం చాలు, మిగతాది సీసాలో పెట్టుకోండి.
స్టవ్ కట్టేశాక పొడి చల్లండి. మూకుడు వేడి చాలు. మంట మీద చల్లితే పొడి మాడి, మీరు దాన్ని కాకరకాయ చేదు అనుకుంటారు. నా అనుమానం, మూడుసార్లూ మీకు తగిలిన చేదులో కొంత అదే.

హాస్టల్_బ్రదర్ (శనివారం, సాయంత్రం 4:41)
నిమ్మచెక్క పిండినట్టు అన్న మాట స్క్రీన్‌షాట్ తీసుకున్నా. మా దగ్గర మూకుడూ లేదు, పొయ్యీ లేదు, అయినా తీసుకున్నా.

సీమమిరప (శనివారం, సాయంత్రం 5:02)
అన్నా, సెనగపప్పు, మినపప్పు బదులు వేయించిన బుడ్డలు, నువ్వులు వేసి చూడండి. తేమ పీల్చేస్తాయి, కమ్మదనం వస్తుంది. చింతపండు ఉంటే మాత్రం కూర మూకుట్లోనే వదిలేయొద్దు. ఇనుముకి పులుపు తగిలి నల్లబడుతుంది, తుప్పు రుచి వస్తుంది. వెంటనే స్టీలు గిన్నెలోకి తీసేయాలి.

రోలు_రోకలి (శనివారం, సాయంత్రం 5:10)
ఇది నేను రాయడం మర్చిపోయాను. థాంక్స్ తమ్ముడూ.

హాగలకాయి (శనివారం, రాత్రి 8:47)
బెంగళూరు నుంచి. ఇక్కడ మా పక్కింటివాళ్ళు హాగలకాయి గొజ్జు చేస్తారు, చింతపండు, బెల్లం బాగా దట్టించి. గోదారిగట్టు గారు వస్తే ఇక్కడే ఉండిపోతారు. తమిళ స్నేహితులైతే కందిపప్పు, కొబ్బరి వేసి పాగర్కాయ్ పిట్లై. కేరళవాళ్ళ మెళుక్కుపురట్టి మన వేపుడికి దగ్గర చుట్టం, కొబ్బరి నూనెలో, కొబ్బరి ముక్కలతో. వాళ్ళ దగ్గర తెల్ల కాకర ఎక్కువ కనిపిస్తుంది. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, చేదుకేం తక్కువ లేదు.

గోదారిగట్టు (శనివారం, రాత్రి 9:05)
హాగలకాయి గారూ, అడ్రస్ పంపండి.
మా ఇళ్ళల్లో తద్దినం వంటలో కాకరకాయ ఉండి తీరాలి. కాకర వంద కూరలకి సమానం, నల్లేరు మూడొందలు, పనస ఆరొందలు అని పెద్దవాళ్ళు శ్లోకం చెప్పేవారు. ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి ఉండవు, అయినా ఎంత బాగుంటుందో. మిరియాలు, జీలకర్ర పొడితోనే లాగించేస్తాం. ఉల్లిపాయ లేకపోతే వేపుడు లేదనేవాళ్ళ కోసం చెప్తున్నా.

కొత్తకాపురం (ఆదివారం, మధ్యాహ్నం 3:20)
రిపోర్ట్.
అంతా చెప్పినట్టే చేశాను, ఒక్కచోట తప్ప. పంచె మీద ఆరబెట్టడం పదిహేను కాదు, నలభై నిమిషాలైంది. మామగారి బస్సు ముందే వచ్చింది, స్టాండ్‌కి పరిగెత్తాం. తిరిగొచ్చేసరికి ముక్కలు అంచులు ముడుచుకుని బటాణీ తొక్కల్లా ఉన్నాయి. పాడయిపోయాయనుకున్నాను. నూనెలో పడగానే చుర్రుమన్న శబ్దం విని హాల్లోంచి మామగారు "ఏంటమ్మా, కాకరకాయా?" అన్నారు. వాసన ఇంకా రాలేదు, శబ్దానికే కనిపెట్టేశారు.
మొదటి వాయి బాగా వచ్చింది. రెండో వాయికి ధైర్యం ఎక్కువై, ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతూ పది ముక్కలు మాడ్చాను. అవి తీసి నా కంచంలో వేసుకున్నాను.
అరకిలో కాయలకి ఎంత కూర మిగిలిందో తెలుసా? ఒక చిన్న గిన్నెడు! ముగ్గురికి బొటాబొటిగా సరిపోయింది. మాస్టారి లెక్క ముందే చూసి కిలో తేవాల్సింది.
మామగారు మొదటి ముద్దలో ఏమీ అనలేదు. పప్పుచారులోకి మళ్ళీ వేయించుకున్నారు. చివరికి "బాగుందమ్మా. ఈసారి పిండకుండా చెయ్యి, కొంచెం చేదు తగలాలి" అన్నారు.

ఓరుగల్లు_పిల్ల (ఆదివారం, మధ్యాహ్నం 3:26)
మామగారు మా పార్టీ!

రోలు_రోకలి (ఆదివారం, మధ్యాహ్నం 3:50)
నలభై నిమిషాలే మంచిది, ఇకనుంచి నేనూ అంతే ఆరబెడతాను. పిండకుండా చేయాలంటే ముక్క ఇంకా సన్నగా తరగండి, వేయించే టైమ్ ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోండి.

కొత్తకాపురం (ఆదివారం, సాయంత్రం 5:35)
చివరి ప్రశ్న. ఫ్రిజ్ అడుగున పోయినవారం తెచ్చిన కాకరకాయ ఒకటి దొరికింది. సగం పసుపు, చివర విచ్చుకుని లోపల ఎర్రగా జిగురు. వేపుడుకి పనికొస్తుందా?

పెరటితోట (ఆదివారం, సాయంత్రం 6:02)
రాదు, ముక్క ముద్దయిపోతుంది. కానీ పారేయకండి. ఆ ఎర్రటి జిగురు తియ్యగా ఉంటుంది, పిట్టలు దానికోసమే వస్తాయి. గింజలు కడిగి నీడలో ఆరబెట్టండి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పొద్దున్నే నాటండి. నాటిన రెండు నెలలకి కాయ. మీరు కొన్నది హైబ్రిడ్ అయితే కాయలు అచ్చం అలాగే వస్తాయని చెప్పలేం. నికరంగా కావాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా హరిత్ విత్తనం దొరుకుతుందేమో చూడండి, పొట్టి కాయలు, వేపుడుకి బాగుంటాయి.

కొత్తకాపురం (ఆదివారం, సాయంత్రం 6:10)
మాది నాలుగో అంతస్తు అండీ. పెరడు లేదు.

పెరటితోట (ఆదివారం, సాయంత్రం 6:14)
బాల్కనీ ఉందిగా? ఒక పెద్ద కుండీ, గ్రిల్‌కి రెండు తాళ్ళు. ఎండ ఎటు నుంచి వస్తుందో చెప్పండి.